బ్యూలమ్మ గారి మొదటి అట్టు

నమోదు 1. సోమవారం

ఏదైనా ఒక మామూలు ఉదయం చెప్పమన్నారు. పండగ ఉదయం వద్దట. చావు, పెళ్లి ఉన్న ఉదయం వద్దట. నేను చెప్పింది ఇది.

నాకప్పుడు పదకొండేళ్లు. దిగువపట్నంలో ఉప్పు గోదాముల వెనక వీధిలో మా ఇల్లు. రాత్రి వాన పడింది. చూరు ఇంకా కారుతోంది. నాన్న చీకటితోనే ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. అమ్మ దగ్గుతూ లేచి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని గ్యాస్ వెలిగించింది. ఉల్లిపాయను సగానికి కోసి, పుల్లకు గుచ్చి, నూనెలో ముంచి పెనం మీద రుద్దింది. ఆ వాసనకే నాకు మెలకువ వచ్చేది. నేను గోడవైపు తిరిగి మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుంటున్నాను. కళ్లు మూసుకున్నాను గానీ చెవులు మూసుకోలేదు. పిండి పెనం మీద చుయ్‌మంది. తమ్ముడు జోయెల్ నూతి దగ్గర పళ్లు తోముకుంటూ నురగ నోటితోనే పాడుతున్నాడు. చెల్లెలు షారోన్ అద్దం ముందు జడపిన్ను కోసం అందర్నీ తిడుతోంది. చిన్నవాడు ఎబినేజర్, మా ఎబ్బి, వీధి అరుగు మీద దుప్పట్లో ముడుచుకుని ఉన్నాడు. అమ్మ వచ్చి నా పక్కన పళ్లెం పెట్టింది. వంగి చెవిలో అంది, "ఆమెన్ అన్నాక తిను. మొదటి అట్టు నీకే. వాళ్లకి చెప్పకు."

అంతే.

ఆ ఇల్లూ, వీధీ, గోదాములూ ఇప్పుడు సముద్రం కింద ఉన్నాయి. మా అమ్మ బ్యూలమ్మ ప్రభువు దగ్గర ఉంది. ఈ ఉదయం మాత్రం ఎగువపట్నం ఇళ్ల మ్యూజియం రెండో అంతస్తులో ఉంది. మేం నలుగురం వేర్వేరు గదుల్లో కూర్చుని చెప్పిన సాక్ష్యాలను కలిపి మా వంటిల్లు కట్టారు. అమ్మను చేశారు. కాగితాల మీద ఆమెను స్మృతిమూర్తి అంటారు. జనం బొమ్మ అంటారు. వేసవి ప్రదర్శన రేపు మొదలు. ఇంటి తరఫు సాక్షిగా నేను స్టూలు మీద కూర్చోవాలి, వచ్చినవాళ్లు అడిగినదానికి జవాబు చెప్పాలి, సాయంత్రం ఈ నమోదు ఇవ్వాలి.

ఇచ్చాను.

నమోదు 2. మంగళవారం

ఎండ సైరన్ కూస్తే సాయంత్రం దాకా బయట తిరగనివ్వరు. అది కూయకముందే గేటు దగ్గర ఉన్నాను. సంచిలో నీళ్లు, చాప, చద్దన్నం డబ్బా, బైబిలు. లైను అప్పటికే మలుపు తిరిగింది. మా పేటకు ఈ వారం ఇళ్ల మ్యూజియం పడింది. పక్క పేటకు ఓడల మ్యూజియం వచ్చిందని మావాళ్లు గొణుగుతున్నారు. అక్కడ చల్లదనం ఎక్కువ. మ్యూజియాలు చల్లగా ఉంచేది వస్తువుల కోసం. వేసవిలో అందులో కాస్త మనుషులకు పంచుతారు.

"ఓడలకైతే ఏసీ, మనకైతే పొయ్యిలా! బాగుంది వరస," అంది నా ముందున్న పెద్దావిడ. ఇద్దరు మనవళ్లను చెరో చేత్తో ఈడ్చుకొస్తోంది.

వంటిల్లు తెరిచారు. అమ్మ దగ్గింది. కుచ్చెళ్లు ఎగదోపింది. నేను నీళ్లు తాగాను.

ఉల్లిపాయ, నూనె, పెనం అన్నీ సరిగ్గా చేసింది. ఇక్కడ పోసేది నిజం పిండే, పిల్లలకు పెట్టేది నిజం అట్టే. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. అమ్మ అట్టు తీసింది. అట్లకాడ మీద పెట్టుకుని గోడవైపు తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది. పెరటివైపు తిరిగింది. ఆగింది. అద్దం వైపు. ఆగింది. వీధి గుమ్మం వైపు. ఆగింది. మళ్లీ గోడవైపు.

అట్టు చల్లారిపోయింది. దాన్ని పక్కన పడేసి మళ్లీ పిండి పోసింది. మళ్లీ అదే తిరుగుడు.

"అమ్మమ్మా, ఈవిడ ఇవ్వదా?" అన్నాడు పెద్దావిడ మనవడు.

"ఇస్తుందిరా. ఆలోచిస్తోంది."

"అట్టుకి ఆలోచనేంటి?"

అడిగినదానికి జవాబు చెప్పడం నా పని. నేను ప్రార్థన మొదలుపెట్టాను. పళ్లేల మీద చెంచాలతో వాయించడం మొదలయింది. ప్రార్థన ఆగిపోయింది.

ప్రదర్శనల అధికారి హవిష గారు వచ్చారు. చిన్నపిల్ల, మా ఎబ్బి కూతురి వయసు. మర్యాదకు లోటు లేదు. మర్యాదతోనే చిక్కు.

"మీ నలుగురి సాక్ష్యాలూ ఒకచోట కలవట్లేదండి."

"ఎక్కడ?"

"అది నేను చెప్పకూడదండి. ఒకరి సాక్ష్యం ఇంకొకరికి చెప్పం కదండి. మీరే మాట్లాడుకుని కలుపుకోవాలి. శనివారం కుటుంబ దినం. శుక్రవారం సాయంత్రంలోగా కలవకపోతే ఆ ఖాళీని సగటుతో పూడ్చేస్తామండి."

"ఖాళీ ఎంత?"

ఆ పిల్ల చేతిలోని పలక తెరను వేలితో జరిపి చూసింది. "ఉదయమంతా దాని మీదే నిలబడి ఉందండి. అది పోతే మీ అమ్మగారు మొత్తం మారిపోతారు."

సగటు అంటే ఏమిటో నాకు తెలుసు. మా పక్క వంటింట్లో ఉంది. ఆ ఇంటివాళ్లు ఆస్తి దగ్గర కొట్టుకుని సాక్ష్యం ఇవ్వలేదు. ఊళ్లోని అమ్మలందరినీ కలిపి తీసిన సగటు అమ్మను పెట్టారు. ఈ అంతస్తులో సగం వంటిళ్లలో ఆవిడే. ఒకే నవ్వు. దగ్గదు. ఎవరొచ్చినా "రా బంగారం, తిను నాన్నా" అంటుంది. పిల్లలు తింటారు. వెనక్కి తిరిగి చూడరు.

మధ్యాహ్నానికి మా వరుస పిల్లలంతా ఆవిడ దగ్గరికి పోయారు. నేనూ, గోడకీ గుమ్మానికీ మధ్య తిరుగుతున్న అమ్మా మిగిలాం.

నమోదు 3. బుధవారం

ముగ్గురికీ కబురు పెట్టాను. ముగ్గురూ వేర్వేరు వేళల్లో వచ్చారు. ఒకేసారి రావడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

ముందు జోయెల్. నీటి బోర్డులో సూపర్‌వైజరు. ఎక్కడికెళ్లినా కుళాయి కారుతోందా అని చూస్తాడు. అమ్మను చూశాడు, ముక్కు తుడుచుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఇది షారోన్ పనే అక్కా. దానికి లేనిది కల్పించడం చిన్నప్పట్నుంచీ అలవాటు."

"నువ్వేం చెప్పావు?"

"నేను ఉన్నదే చెప్పాను."

"ఏం ఉన్నది?"

"అది నాకూ అమ్మకీ మధ్యది. మ్యూజియం వాళ్లకి కాబట్టి చెప్పాను. నీకు చెప్పను."

ఎండ తగ్గాక షారోన్ వచ్చింది. కుట్టుపని చేస్తుంది. మెడలో టేపు అలాగే ఉంది.

"అన్నయ్య చెడగొట్టుంటాడే. నూతి దగ్గర పాటలు పాడుకునేవాడికి ఇంట్లో ఏం జరిగిందో ఏం తెలుసు?"

"నువ్వేం చెప్పావు?"

టేపు వేలికి చుట్టుకుంది. "మాటిచ్చాను అక్కా. అమ్మకి."

చివరగా ఎబ్బి. ఓడల మ్యూజియంలో గైడు. పొద్దుటి నుంచి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. వాడు ఎవరి మీదా నింద వేయలేదు. "నావల్లే అయ్యుంటుంది పెద్దక్కా. కానీ నేను చెప్పింది నిజం," అన్నాడు. ఏమి నిజమో వాడూ చెప్పలేదు.

నేను విసుక్కోలేదు. పైకి. తలలు నెరిసిన మనుషులం, తలో రహస్యం నోట్లో పెట్టుకుని పంటినొప్పి ఉన్నవాళ్లలా తిరుగుతున్నాం. వాళ్లను ఏమని అడగను? నేనేం చెప్పానో నేనూ వాళ్లకు చెప్పలేదు. నేనూ మాటిచ్చాను.

ప్రభువా, ఓర్పు అడుగుతున్నాను. కాస్త తొందరగా ఇయ్యి.

నమోదు 4. గురువారం

ఈ రోజు అమ్మ ముఖం చూడటం మానేసి కాళ్లు చూశాను.

గోడ. అది నా ప్రార్థన చోటు. పెరట్లో నూతివైపు. అది జోయెల్‌ది. అద్దం షారోన్‌ది. వీధి అరుగు ఎబ్బిది. అమ్మ దారి తప్పలేదు. నాలుగు చోట్లకు పోవాలని చూస్తోంది. చేతిలో ఒక్క అట్టే ఉంది.

ముగ్గుర్నీ మళ్లీ పిలిచాను. ఈసారి సైరన్‌కు ముందే రమ్మన్నాను, ఒకసారి లోపలికొస్తే సాయంత్రం దాకా ఎవరూ బయటికి పోలేరని. నా చాప మీద కూర్చోబెట్టాను. వెనక పిల్లలు గోల చేస్తున్నారు.

"నేను ముందు చెప్తాను," అన్నాను. "అమ్మ నా పక్కన పళ్లెం పెట్టి, మొదటి అట్టు నీకే, వాళ్లకి చెప్పకు అంది. ఇప్పుడు చెప్పేశాను. క్షమించమని ఆవిణ్ణి అడుగుతాను."

ముగ్గురూ నావైపు చూశారు. ఆ చూపు ఎలా రాయాలో తెలియదు. నేను వాళ్ల జేబులో చెయ్యి పెట్టినట్టు చూశారు.

"కాదక్కా," అన్నాడు జోయెల్ మెల్లగా. "అది నాకు అంది. పెరటి కిటికీలోంచి అందించేది. నోరు కడుక్కోకుండానే తినేవాణ్ణి. మొదటి అట్టు నీకే, వాళ్లకి చెప్పకు అని."

"చుట్ట చుట్టి, మధ్యలో పంచదార వేసి..." షారోన్ గొంతు పెరిగింది. "జడ వేస్తూ నా నోట్లో పెట్టేది! నాకంది ఆ మాట! నాకు!"

"నాకు దుప్పట్లో," అన్నాడు ఎబ్బి.

మా ఎదుట అమ్మ అట్టు తీసి గోడవైపు తిరిగింది. ఆగింది.

"ఎంత గుండెలు తీసిన మనిషే!" అంది షారోన్. "రోజూ! నలుగురికీ! నేను ఆ ధైర్యంతోనే కదా అత్తారింట్లో ఎవరేమన్నా పడ్డాను. మా అమ్మకి నేనే మొదట అనుకుని."

"అమ్మను అలా అనకు," అన్నాడు జోయెల్. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను మాత్రం... మీ ముగ్గుర్నీ చూసి లోపల జాలిపడేవాణ్ణి. పాపం వీళ్లకి తెలియదు కదా అని. ఇన్నేళ్లూ."

"నేనూ నీ మీద జాలిపడ్డాన్రా అన్నయ్యా," అంది షారోన్. "నీ పెళ్లిలో కూడా."

ఎబ్బి ఒక్కడే నవ్వాడు. "మరి నిజంగా మొదటిది ఎవరికి?"

అప్పుడు తట్టింది నాకు. "ఎవరికీ కాదు. మొదటిది పెనానికి అంటుకుపోతుంది. గీకితే ముక్కలొస్తుంది. దాన్ని అట్టని పళ్లెంలో ఎలా పెడతారు?"

అట్లు పోసే ఎవరిని అడిగినా చెప్తారు. నేను ముప్పై ఏళ్లుగా పోస్తున్నాను. షారోన్ కూడా. ప్రతి ఉదయం మొదటి అట్టు గీకి పక్కన పెట్టాం. అమ్మ మాటను మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు.

నలుగురం హవిష గారి దగ్గరికి వెళ్లాం. సాక్ష్యాలు కలిశాయని, నాలుగూ నిజమేనని, అమ్మ అందరికీ అదే చెప్పేదని, ఆ మాటే పెట్టమని అడిగాను.

ఆ పిల్ల సంతోషించింది, తర్వాత ముఖం దించేసింది. "మూర్తి సందర్శకులతో తెలిసి అబద్ధం ఆడకూడదండి. పోయిన వేసవిలో రైళ్ల మ్యూజియంలో ఓ తాతగారి మూర్తి, ఇప్పుడే బండొస్తుంది కూర్చోండి అన్నారండి. పిల్లలు సాయంత్రం దాకా ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నారు. అన్నం తినమన్నా రాలేదండి. అప్పట్నుంచి రూలు."

"ఇది అబద్ధం కాదమ్మా," అన్నాడు జోయెల్. అంతవరకు మోసపోయినట్టు కూర్చున్నవాడే.

"మరేంటండి?"

జోయెల్ మావైపు చూశాడు. మేం హవిష గారి వైపు చూశాం.

"రెండు దారులండి," అంది హవిష. "మీలో ఒకరిని ఎంచుకోండి, వారికే మొదటిదని పెడతాం. లేదా ఉన్నదున్నట్టు చెప్పిద్దాం. రేపు ఒకసారి చూడండి."

"పెద్దక్కది పెట్టేయండి," అన్నాడు ఎబ్బి.

"ఎందుకు పెట్టాలి? పెద్దదైతే?" అంది షారోన్.

"చీటీలు వేద్దాం," అన్నాడు జోయెల్.

నేను వద్దన్నాను. ఒకరిని నిజం చేస్తే ఆవిడ మిగతా ముగ్గురికీ అబద్ధం చెప్పినట్టు రాసినట్టే. పోయిన మనిషి వచ్చి సర్దిచెప్పుకోలేదు.

నమోదు 5. శుక్రవారం

ఉన్నదున్నట్టు చెప్పించి చూశారు.

అమ్మ తిరగడం మానేసింది. దగ్గింది, కుచ్చెళ్లు ఎగదోపింది, మొదటి అట్టు గీకి పక్కన పెట్టింది. తర్వాతది తీసి వరుసలో ముందున్న పిల్లకు ఇచ్చింది. వంగి, చెవిలో, అమ్మ గొంతుతోనే చెప్పింది. "మొదటిది పాడైంది. ఇది రెండోది. నీకు ఇవ్వడానికి ప్రత్యేకంగా కారణం ఏమీ లేదు. తిను."

పిల్ల పళ్లెం వైపు చూసింది. "ఎవరికైనా ఇదేనా?" అంది.

"వరుసలో ఎవరున్నా ఇస్తాను," అంది అమ్మ.

మంగళవారం నాటి పెద్దావిడ ఇవాళ కూడా వచ్చింది. "రేషన్ షాపులో కూడా ఇంతకన్నా తియ్యగా మాట్లాడతారు," అంది. మనవళ్లను సగటు అమ్మ దగ్గరికి తీసుకుపోయింది. తప్పు పట్టలేకపోయాను.

ఎబ్బి లేచి వెళ్లిపోయాడు. ఎండలోకి పోనివ్వరు కాబట్టి మెట్ల దగ్గర నిలబడ్డాడు. జోయెల్ హవిష గారితో వాదించాడు. షారోన్ నాతో వాదించింది, వాదించడానికి నేను ఏమీ అనకపోయినా. మధ్యాహ్నం చద్దన్నం డబ్బా తెరిస్తే మజ్జిగ ఒలికి బైబిలు అట్ట తడిసి ఉంది. దాన్ని తుడుచుకుంటూ కూర్చున్నాను. ప్రార్థించాను అని రాయలేను. దేవుడి ఎదుట విసుగ్గా కూర్చున్నాను. అది కూడా ఆయన వింటాడని మా అమ్మ అనేది.

బయలుదేరే ముందు హవిష గారిని ఒకటే అడిగాను. "ఆ రూలు మూర్తికేనా, స్టూలు మీద కూర్చునే సాక్షికి కూడానా?"

ఆ పిల్ల పలక తీసి చాలాసేపు వెతికింది. "మనుషుల గురించి ఇందులో ఏమీ రాయలేదండి," అంది. నావైపు చూసింది. పలక మూసేసింది. "నేనేం చూడలేదు కూడానండి."

సాయంత్రం మా ఇంట్లో చేరాం. కిటికీలు తెరిచాం. నేల ఇంకా కాలుతోంది. చారు కాచాను. జోయెల్ మా కుళాయి బిగించాడు. ముందు ప్రార్థన చేశాను, చిన్నది. తర్వాత మాట్లాడుకున్నాం. నిర్ణయాలు ఇవి.

అమ్మ మూర్తిని తీసేయమని రాసిస్తాం. సగటు అమ్మను పెట్టనివ్వం. ఇది ఎబ్బి మాట, ఎవరూ కాదనలేదు. ఆవిడ గొంతు మళ్లీ వినపడదని షారోన్ ఏడ్చింది. నేనూ.

వంటిల్లు ఉంటుంది. పెనం, పొయ్యి, గోడ, అద్దం, నూతి కిటికీ అన్నీ ఉంటాయి. వేసవి అయ్యేదాకా మా నలుగురిలో ఒకరు వంతుల ప్రకారం పొయ్యి దగ్గర నిలబడతారు. పేరుకు సాక్షి. ఉల్లిపాయతో పెనం రుద్దాలి. మొదటిది గీకి పక్కన పెట్టాలి, ఎవరికీ కనపడకుండా. వచ్చిన ప్రతి పిల్లకూ ప్రతి పిల్లాడికీ అట్టు పెట్టి, వంగి చెవిలో ఆ మాట చెప్పాలి. మాట మార్చకూడదు. జోయెల్ పాటలు పాడకూడదు.

"అబద్ధం కదక్కా," అన్నాడు జోయెల్. "నువ్వు ఒప్పుకుంటావా?"

"నేను పొయ్యి దగ్గర ఏం చెప్పాలో అమ్మ దగ్గర నేర్చుకున్నాను," అన్నాను. "మిగతాది ప్రభువు దగ్గర నేను చూసుకుంటాను."

అంతా కుదిరిందనుకున్నాను. రేపు కుటుంబ దినం, మొదటి వంతు ఎవరిది అన్న దగ్గర మళ్లీ మొదలయింది. నూతి కిటికీ గురించి తనకే తెలుసని జోయెల్. అట్టు గుండ్రంగా పోసేది తానొక్కతేనని షారోన్. జనంతో మాట్లాడటం తన వృత్తి అని ఎబ్బి. చారు చల్లారింది. నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాను. చివరికి పెద్దక్క ఏం చెబితే అదే అని ముగ్గురూ ఒప్పుకున్నారు. వెళ్లేటప్పుడు చెప్తానన్నాను.

జోయెల్ గేటు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెళ్లి చెవిలో చెప్పాను. "మొదటి వంతు నీదే. వాళ్లకి చెప్పకు."

షారోన్ జడ ముడుచుకుంటుంటే వెనక నిలబడి చెప్పాను.

ఎబ్బి చెయ్యి కడుక్కుంటుంటే తువ్వాలు ఇస్తూ చెప్పాను.

ముగ్గురూ ఒకే ముఖంతో వెళ్లారు. లోపల జాలి దాచుకుని మిగతా ఇద్దర్నీ చూస్తూ.

నా గొంతు వణకలేదు. అదే ఆశ్చర్యం. రేపు సైరన్‌కు ముందే నలుగురం ఆ గుమ్మంలో నిలబడతాం. పెనం ఒక్కటే. ఉల్లిపాయలు నాలుగు సంచిలో వేసుకున్నాను.